చావుల పద్దులో ఆకలికి గడి లేదు



1880ల నాటి సర్కారు ఆరోగ్య నివేదికల్లో ఒక వింత ఉంది. కరువు లేని మామూలు ఏడాదిలో మద్రాసు రాష్ట్రంలో వెయ్యిమందికి ఇరవై మంది అటూ ఇటూగా చనిపోయినట్టు వాటిలో లెక్క తేలుతుంది. అదే దశాబ్దంలో ఇంగ్లండు, వేల్స్ సగటు పంతొమ్మిది. మాంచెస్టర్ లాంటి నూలుమిల్లుల నగరాల్లో ఇంకా ఎక్కువ, 1870లలో అక్కడ ముప్పై దాకా పోయేది. ఈ కాగితాలను నమ్మితే, ఆదోని కోట కింద సందుల్లో పుట్టిన బిడ్డ మాంచెస్టర్ మిల్లు వాడలో పుట్టిన బిడ్డకంటే గట్టి ఆయుష్షుతో పుట్టిందని అనుకోవాలి.

జరిగింది పూర్తిగా వేరు. పాత జనాభా లెక్కలన్నీ తవ్వి తీసిన కింగ్స్‌లీ డేవిస్ అనే పండితుడు, 1871 నుంచి 1881 వరకు మన దేశంలో సగటు ఆయుర్దాయం 25 ఏళ్లకు కొంచెం తక్కువని తేల్చాడు. 1891 నుంచి 1901 మధ్య అది ఇంకా తగ్గి 24 లోపుకు దిగింది. ఇంగ్లండులో ఆ చివరి దశాబ్దంలో నలభై అయిదు ప్రాంతంలో ఉంది. ఆయుర్దాయంలో ఇంత తేడా ఉన్న రెండు దేశాల్లో చావుల లెక్క ఒకటే ఎలా అయింది? ఒక దేశంలో చావులు రాశారు. ఇంకో దేశంలో సగానికి సగం రాయలేదు. పట్నాల పద్దులు చదివేటప్పుడు ఇది మనసులో పెట్టుకోకపోతే మోసపోతాం. గుమాస్తా శ్రద్ధగా ఉన్న ఊళ్లో చావులు ఎక్కువ కనిపిస్తాయి, నిద్రపోయిన ఊరు ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఆదోని అప్పుడు కర్నూలు జిల్లా కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో తాలూకా కేంద్రం. ఎమ్మిగనూరు, మంత్రాలయం ఆ తాలూకాలోవే. 1865లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరుకు రైలు మార్గం పూర్తయి, అక్కడ బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. దాంతో ఆదోని రెండు మహానగరాల నడుమ స్టేషనయింది. పత్తి ముందే ఉంది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయిన 1860లలో మన నల్లరేగడి పత్తి వెల ఎక్కడికో పోయింది. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు, సిల్కు, నూలు బట్టలు, తివాచీలు, వీటితో ఊరు నడిచింది. 1901 జనాభా లెక్కల్లో ఆదోని పట్నం జనం 30,416. మాంచెస్టర్‌కూ మనకూ నడుమ పత్తి బేళ్ల చుట్టరికం ఉంది కాబట్టే ఆ నగరంతో పోలిక తెచ్చాను.

ఇక చావు రాసే పద్ధతి. పల్లెలో ఎవరైనా పోతే తలారి పోయి రెడ్డికో మునసబుకో చెప్పాలి, కరణం రాయాలి. నెలకోసారి ఆ కాగితం తాలూకా కచ్చేరికి, అక్కడినుంచి కలెక్టరుకు, చివరికి మద్రాసులో శానిటరీ కమిషనర్ బల్ల మీదికి చేరుతుంది. పట్నంలో ఆ పని మున్సిపాలిటీ గుమాస్తాది. మద్రాసు రాష్ట్రానికి జనన మరణాల నమోదు చట్టమంటూ ప్రత్యేకంగా వచ్చింది 1899లో, అంటే విక్టోరియా రాణి పోవడానికి రెండేళ్ల ముందు. అంతదాకా చెప్పినవాడు చెప్పాడు, రాసినవాడు రాశాడు. పురిట్లో పోయిన బిడ్డను ఎవరు చెప్పారు? పేరు కూడా పెట్టని పసికందును చీకటి పడ్డాక పొలం గట్టున పూడ్చి వస్తే, అది పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు.

రాసిన చావుకు ఒక కారణం పెట్టాలి. అందుకు గడులు కొన్నే. కలరా. మశూచి. జ్వరాలు. విరేచనాలు, రక్త విరేచనాలు. దెబ్బలు, పాముకాట్లు, ఆత్మహత్యలు. తక్కినవన్నీ. అంతే. ఏ గడిలో వేయాలో చెప్పే డాక్టరు ఆ పల్లె ముఖం చూసినవాడు కాదు. శవాన్ని చూసింది తలారి, అతను విన్నది ఇంట్లో ఆడవాళ్ల ఏడుపులో దొర్లిన నాలుగు మాటలు. ఒళ్లు కాలిందన్నారా, జ్వరం. కడుపు జారిందన్నారా, విరేచనాలు. కరణానికి అంతకంటే తెలిసే దారి లేదు. ఆయన్ని తప్పు పట్టడం అన్యాయం.

వీటిలో జ్వరం గడిది ఎప్పుడూ పెద్ద పొట్ట. చలిజ్వరం అందులోనే, టైఫాయిడ్ అందులోనే, బాలింతకు వచ్చే పురిటి జ్వరం అందులోనే, ఊపిరితిత్తుల వాపు అందులోనే. ఇది మన కరణాల తెలివితక్కువ అనుకునేరు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861లో పోయినప్పుడు కొలువు వైద్యులు టైఫాయిడ్ అన్నారు, దాని మీద వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పదేళ్లకు వాళ్ల పెద్ద కొడుకు అదే జ్వరంతో చావు అంచుదాకా పోయి వచ్చాడు. ఇంగ్లండు మరణాల పట్టికల్లోనే టైఫస్, టైఫాయిడ్ విడివిడిగా లెక్క కట్టడం 1869 నుంచి మొదలైంది. తేడా ఏమిటంటే, అక్కడ ఆ గడిని చీల్చారు. చీల్చాక టైఫాయిడ్ ఏ వీధిలో ఉందో తెలిసింది, ఆ వీధికి మురుగు గొట్టం వేశారు. మన గడి అలాగే ఉండిపోయింది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1890లలో పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు కూడా అమ్మారు. అయినా పద్దులో మాత్రం "జ్వరం" జ్వరంగానే సాగింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ధాత కరువు.

1876లో నైరుతి వానా లేదు, ఈశాన్యం వానా లేదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మొదట కూలాయి. కరువులో మొదట దెబ్బతినేది రైతు అనుకుంటాం. మన సీమలో రైతుకంటే ముందు నేతగాడు పడ్డాడు. రైతు ఇంట్లో పాతరలో రెండు గంపల జొన్నలైనా ఉంటాయి. నేతగాడికి మగ్గం మీది బట్ట తప్ప ఏదీ లేదు. జొన్న ధర రెండింతలు, మూడింతలు అయినప్పుడు చీర కొనేవాడు ఉండడు. ఎమ్మిగనూరు లాంటి ఊరికి ఊరే మగ్గాల మీద బతికే చోట, వాన పోయిన కొన్ని వారాలకే పొయ్యి ఆరుతుంది. పైగా కరువు పని అంటే మట్టి మోయడం, కంకర కొట్టడం. గుంత మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని వేళ్లతో పని చేసినవాడు సమ్మెట ఎత్తి ఎంతసేపు కొట్టగలడు? ఈ సంగతి తర్వాత సర్కారుకూ అర్థమై, 1880ల కరువు నియమావళి వచ్చాక నేతగాళ్లకు వాళ్ల పనిలోనే సాయం చేసే పద్ధతి పెట్టారు. ధాతలో పడ్డవాళ్లకు అది అందలేదు.

1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు. విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన రోజు అది. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూకు కరువు వదిలి అక్కడికి పోవలసి వచ్చింది. ఆ నెలలోనే వైస్రాయ్ లిట్టన్ పంపిన దూత రిచర్డ్ టెంపుల్ దక్షిణాదికి వచ్చి, ఖర్చు ఎక్కువవుతోందని కరువు కూలిని కోశాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే మన లెక్కలో అరకిలోకు కూడా తక్కువ. దాని మీద పగలంతా మట్టి పని. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. జైల్లో కఠిన శిక్ష పడ్డ ఖైదీకి పెట్టే తిండి ఇంతకంటే ఎక్కువ అని లెక్క చూపించాడు. కొన్ని నెలలు గడిచాక గానీ మద్రాసు ప్రభుత్వం ఆ కొలత మార్చలేదు. పౌను గింజలతో బతకవచ్చని చెప్పినవాడు ఐసీఎస్ అధికారి, బతకలేరని చెప్పినవాడు చావుల పద్దు చూసే డాక్టరు. ఈ ఇద్దరిలో ఎవరి మాట ముందు వినాలో ఆ కొన్ని నెలలూ తేలలేదు, ఆ నెలల్లోనే శిబిరాల్లో జనం రాలిపోయారు.

1877లో మద్రాసు రాష్ట్రంలో రాసిన చావులే పదిహేను లక్షలు దాటాయి. రాయనివి వేరు. అందులో కలరా కింద రాసినవి మూడున్నర లక్షలకు పైనే. మశూచి గడి, జ్వరం గడి, విరేచనాల గడి, అన్నీ ఉబ్బాయి. ఆకలితో పోయారని రాసిన చావులు మాత్రం ఎంత వెతికినా బహు కొద్ది. ఎందుకంటే ఆ పట్టికలో ఆకలికి గడి లేదు. ఎముకల గూడయిన మనిషి చివరి రెండు రోజులు కడుపు జారి పోతాడు. తలారి చూసింది ఆ రెండు రోజులే. ముందటి ఎనిమిది నెలలు ఎవరు చూశారు?

ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. రాయపురం కరువు శిబిరంలో అలెగ్జాండర్ పోర్టర్ అనే సైనిక వైద్యుడు, చనిపోయిన నాలుగు వందల మందికి పైగా శవాలను కోసి చూశాడు. దాన్ని 1889లో పుస్తకంగా వేశాడు. పస్తులు పడ్డవాళ్ల పేగు గోడలు పల్చబడి, లోపలి పొర ఊడిపోయి, తిన్నదాన్ని పట్టుకునే శక్తి పోయిందని ఆయన గమనించాడు. అందుకే శిబిరానికి వచ్చి గంజి తాగిన మూడో రోజుకో నాలుగో రోజుకో విరేచనాలు పట్టుకుని పోయేవారు. చూసేవాళ్లకు అన్నం పెట్టాక పోయాడు కదా, ఆకలి ఎక్కడిది అనిపించేది. పోర్టర్ కత్తి చెప్పింది ఏమిటంటే, విరేచనాల గడిలో రాసినవాటిలో ఎన్నో ఆకలి చావులే. అప్పటి వైద్యులు రాసినవాటిలో ఇంత సూటిగా మాట్లాడే పుస్తకం ఇంకొకటి ఉందని నేననుకోను.

పట్నం మరణాల రేటు చదవడంలో ఇంకో చిక్కు ఇక్కడే ఉంది. రేటు అంటే పోయినవాళ్లను ఉన్నవాళ్లతో భాగించడం. ఉన్నవాళ్ల సంఖ్య 1871 జనాభా లెక్కల్లోది, ఆ ఊరి సొంత జనానిది. కరువులో పట్నం వీధుల్లో పడిపోయినవాళ్లు ఆ ఊరివాళ్లు కారు. రైలు స్టేషన్ ఉన్న చోట గింజలు దిగుతాయి, సేట్ల కొట్లు ఉంటాయి, గంజి పోస్తారు. అందుకని చుట్టుపక్కల పల్లెలన్నీ ఖాళీ అయి పట్నం దారి పట్టాయి. భార్యాబిడ్డలతో నడిచి వచ్చి, పట్నం పొలిమేరలో చెట్టు కింద పడి పోయినవాడి చావు పట్నం లెక్కలో పడింది. అతని బతుకు పల్లె లెక్కలో ఉండిపోయింది. పట్నం రేటు భయంకరంగా పెరిగితే పట్నంలో మురుగు ఎక్కువైందని అర్థం కాదు, పల్లెలో గింజ లేదని అర్థం. మాంచెస్టర్ రేటును ఇలా చదవనక్కరలేదు. అక్కడ పోయేవాళ్లు అక్కడి ఇరుకు గదుల్లో, అక్కడి పొగలో, అక్కడి నీళ్లతో పోయారు. ఆదోనిలాంటి రైలు పట్నంలో పోయినవాళ్లలో చాలామంది ఊరు చేరిన వారానికి పోయారు.

1877 సెప్టెంబరు తర్వాత వాన పడింది. జనం ఊళ్లకు మళ్లారు. అప్పుడు జ్వరం వచ్చింది. ఏడాదిన్నర ఎండి, ఒక్కసారి నీళ్లు నిలిచిన గుంటల్లో దోమ పుట్టింది, తిండిలేక రక్తం ఇంకిన ఒళ్లకు చలిజ్వరం పట్టింది. కోతకు వచ్చిన చేను ఎదురుగా ఉండగా కోసేవాడు మంచం మీద ఉన్నాడు. 1878లో జ్వరం కింద రాసిన చావుల్లో ఎన్ని నిజంగా దోమవి, ఎన్ని ధాతవి అని విడదీయడం ఎవరివల్లా కాదు. 1881లో మనుషులను లెక్కపెడితే కర్నూలు జిల్లా పదేళ్లలో నాలుగోవంతు జనాన్ని పోగొట్టుకుంది. బళ్లారి జిల్లా అయిదో వంతుకు దగ్గరగా. కరువు కమిషన్ బ్రిటిష్ ఇండియా అంతటికీ వేసిన అంచనా యాభై లక్షలు దాటింది. బతికినవాళ్లకు పిల్లలు పుట్టలేదు, అది వేరే లెక్క.

కలరా గడి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. దత్తమండలాల తొలి కలెక్టరు థామస్ మన్రో గవర్నరయ్యాక, ఇంగ్లండు వెళ్లిపోయే ముందు ఈ సీమను చివరిసారి చూసి పోదామని వచ్చి, ఆదోనికి పక్కనున్న పత్తికొండలో 1827 జులై 6న కలరాతో పోయాడు. ఆయన జ్ఞాపకంగా సర్కారు అక్కడ చింతతోపు వేయించి, రాతి మెట్ల బావి కట్టించింది. కలరాతో పోయినవాడికి దిగుడు బావి కట్టించడం ఎంత విపరీతమో అప్పుడు ఎవరికీ తెలియదు. మెట్లు దిగి, మోకాలిదాకా నీళ్లలో నిలబడి కడవ ముంచుకుంటే, కాళ్లకు ఉన్నదంతా తాగే నీళ్లలో కలుస్తుంది. మన సీమను పీడించిన నారికురుపు సరిగ్గా ఆ మెట్ల మీదే బతికింది. దాన్ని దేశం నుంచి తరిమేసరికి 1996 వచ్చింది. నారికురుపు చంపదు, కాబట్టి ఏ పద్దులోనూ కనిపించదు. మూడు నెలలు కాలు నేల మీద పెట్టనివ్వదు, అంతే. విత్తనాల కాలంలో ఆ మూడు నెలలు పడితే ఇల్లు మునుగుతుంది.

జాన్ స్నో లండన్‌లో పంపు పిడి ఊడదీయించింది 1854లో. రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని పట్టింది 1884లో. ఆ నడుమ ముప్పై ఏళ్లూ భారత ప్రభుత్వంలోని పెద్ద వైద్యాధికారులు కొందరు కలరా గాలిలో వస్తుందనే వాదించారు. నీళ్లలో వస్తుందంటే నీళ్లు బాగుచేయాలి కదా. మన ఊళ్లలో ఇంకో పద్ధతి ఉండేది. మారెమ్మకు పొంగలి పెట్టి, చిన్న బండి మీద అమ్మను ఎక్కించి ఊరి పొలిమేర దాటించేవారు. పక్క ఊరివాళ్లు రాత్రికి రాత్రి దాన్ని తమ పొలిమేర దాటించేవారు. నవ్వుకోవద్దు. జబ్బు దారి పట్టుకుని ఊరి నుంచి ఊరికి నడుస్తుందన్న ఎరుక అందులో ఉంది.

నీళ్ల సంగతికే వస్తే, మాంచెస్టర్ 1894లో తొంభై మైళ్ల పైచిలుకు దూరాన ఉన్న థర్ల్‌మియర్ సరస్సు నుంచి కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకుంది. ఆదోని పక్కనే తుంగభద్ర పారుతున్నా, ఆ నీళ్లు దిగువ కాలువ మీదుగా మన వైపుకు రావడానికి 1953లో ఆనకట్ట తయారు కావలసి వచ్చింది. ఇప్పుడు బసాపురం చెరువులో నింపి ఊరికి ఇస్తున్న నీళ్లు ఆ కాలువవే. వేసవిలో అవి ఎన్ని రోజులకోసారి వస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

మశూచి సంగతి త్వరగా ముగిస్తాను. ఈ గడుల్లో చాలాకాలం టీకా ఉన్న జబ్బు అదొక్కటే కాబట్టి ఈ గడి మాత్రమే నెమ్మదిగా చిక్కింది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టిన గుమ్మంలోకి టీకాలవాడిని రానిచ్చేవారు కాదని నివేదికలు విసుక్కుంటాయి. చేతి నుంచి చేతికి రసి తీసి పొడిచే ఆ నాటి పద్ధతిలో ఇంకో పిల్లవాడి చేతి పుండును తమ బిడ్డకు ఎక్కిస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? విసుక్కున్నవాళ్లు ఆ సంగతి రాయలేదు.

చివరి గడి "తక్కినవన్నీ". ఇంగ్లండులో ఆ రోజుల్లో పడుచువాళ్లను అన్నిటికంటే ఎక్కువ చంపింది క్షయ. మన పట్టికలో క్షయకు గడే లేదు. తడి నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, వెలుతురు రాని గదిలో, ఇంటిల్లిపాదీ ఒకే చోట పడుకునే నేతగాళ్ల ఇళ్లలో దగ్గు ఎంతమందిని తీసుకుపోయిందో ఏ కరణమూ రాయలేదు. జిన్నింగు మిల్లులో దూది పీలుస్తూ పనిచేసిన ఆడవాళ్ల ఊపిరి గురించి కూడా అంతే. రోజూ రక్తం కక్కుతూ రెండేళ్లకు పోయినవాడు "తక్కినవన్నీ"లో ఒకడు. చివర్లో ఒళ్లు వేడెక్కి ఉంటే జ్వరంలో ఒకడు.

దీనికి ఎదురుగా ప్లేగును చూడండి. 1896లో బొంబాయిలో బయటపడి, రెండేళ్లలో మద్రాసు రాష్ట్రంలోకి దిగింది. ఓడలను ఐరోపా రేవుల్లో ఆపేస్తారన్న భయంతో సర్కారు ఒక్కసారి లేచి కూర్చుంది. 1897 ఫిబ్రవరిలోనే అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు మన మీద ప్రయోగించింది ఆ చట్టాన్నే. రైలు స్టేషన్లలో ప్రయాణికులను దింపి చంకలు, గజ్జలు తడిమి చూశారు. మద్రాసు రాష్ట్రంలో ప్లేగు పాస్‌పోర్టు అని ఒక కాగితం పెట్టారు. జబ్బున్న చోటు నుంచి వచ్చినవాడు పది రోజులపాటు రోజూ అధికారికి కనపడాలి. చావుల పట్టికలో ప్లేగుకు కొత్త గడి గీశారు. మన జనం మాత్రం కాగితం కోసం చూడలేదు. ఇంటి దూలం మీద నుంచి ఎలుక రాలిపడితే మూటాముల్లె కట్టుకుని పొలాల్లో గుడిసెలు వేసుకున్నారు. ఎలుక మీది గోమారి కుట్టి జబ్బు వస్తుందని సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో తేల్చిన 1898కి ముందే వాళ్లు ఆ పని చేశారు.

అంటే గడి గీయడం సర్కారుకు చేతకాక కాదు. ఓడ ఆగిపోయే జబ్బుకు గడి వచ్చింది, ఆకలికి రాలేదు. ఆకలి గడిలో అంకె వేస్తే ఆ అంకెకు పౌను గింజల కొలత పెట్టినవాడు జవాబు చెప్పాలి. కలరా అని రాస్తే గాలి చెప్పుకుంటుంది. న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. 1896-97లో బళ్లారి, కర్నూలు, కడప, అనంతపురాల్లో మళ్లీ కరువు వచ్చినప్పుడు, కరువు నియమావళి ప్రకారం పనులు ముందే తెరిచారు. ఈసారి ధాతలాగా జనం చావలేదు. కార్నిష్ లాంటివాళ్లు అప్పట్లో పద్దును గడులు దాటి చదివి గోల చేయకపోతే ఆ నియమావళి ఆ రూపంలో వచ్చేది కాదు.

ఈ పాత కాగితాలు చూడాలనుకునే కుర్రవాళ్లకు ఒక మాట. ఆదోని, ఎమ్మిగనూరు లెక్కలు కర్నూలు సంపుటాల్లో వెతికితే దొరకవు, బళ్లారి పేరుతో అడగాలి. అనంతపురం 1882లో విడిపోయింది కాబట్టి అంతకు ముందువైతే రెండూ కలిసి ఉంటాయి.

ఇప్పటి పద్దు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 2020లో నాలుగోవంతు కూడా లేవు. తక్కినవాళ్లకు మనం "గుండె ఆగింది", "వయసైంది" అనుకుంటున్నాం. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలని చట్టం. కోసిగి నుంచో కౌతాళం నుంచో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు పోయిన కూలి అక్కడ పోతే, ఆ మరణం అక్కడి లెక్కలో పడుతుంది, ఆ మనిషి ఇక్కడి జనాభాలో ఉంటాడు. అలాంటప్పుడు ఇరవై ఒక్క రోజుల లోపల ఆ ఊరి రిజిస్ట్రారు దగ్గరే రాయించుకోండి, ఇంటికి తెచ్చుకున్నాక ఇక్కడ తిరిగితే పని కాదు. ఇంకొకటి. మీ చేతికి వచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు, 1969 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం దాన్ని బయటపెట్టరు. ఆసుపత్రి రాసే కారణం కాగితం వేరే ఉంటుంది. 2023 సవరణ తర్వాత దాని ప్రతి దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి, డబ్బు కట్టనక్కరలేదు.